బస్సు వంతు

ముదిగొండ

మా వీధిలో సింగపూర్ చూసి వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. తెల్లమద్దిగూడెం చూసినవాళ్లు నేను తప్ప ఎవరూ లేరు. చండ్రుగొండ దాటాక అడవి అంచున ముప్పై నాలుగు గడపల ఊరు అది. నెల కిందట రెండు రోజులు వెళ్లి వచ్చాను. పాస్‌పోర్టు ఎవరూ అడగలేదు గాని, దారి మాత్రం సింగపూర్ దారి కంటే కష్టం.

ఆ ఊరి బడిలో నేను తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పాను. అప్పుడు ఖమ్మం నుంచి ఒక బస్సు ఉండేది. మధ్యాహ్నం బయలుదేరి పొద్దుగూకే వేళకు ఊరు చేరి, రాత్రికి అక్కడే ఆగి, తెల్లవారగానే మళ్లీ ఖమ్మం బయలుదేరేది. డ్రైవరు, కండక్టరు ఊళ్లోనే తిని పడుకునేవారు. మలుపు దగ్గర హారను వినిపించగానే పిల్లలు పలకలు వదిలేసి పరుగెత్తేవారు. ఆ హారను కోసం నేను కూడా చెవి పెట్టుకుని కూర్చునేదాన్నని అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

కరోనా రోజుల్లో ఆగిపోయిన ఆ బస్సు మళ్లీ రాలేదు. అప్పటికే రిటైరై ముదిగొండలో ఉన్నాను. అర్జీలు పెట్టడం మొదలుపెట్టాను. ఎన్ని పెట్టానో గుర్తులేదు గాని, ఏ ఆఫీసులో ఎవరు ఏమన్నారో అన్నీ గుర్తున్నాయి. ఆకుపచ్చ చారల చొక్కా వేసుకున్న ఒక గుమాస్తా, "మీ ఊరికి బస్సుంది గదా మేడం, మీకెందుకు బాధ?" అన్నాడు. పక్కనున్నాయన నవ్వాడు. ఆ నవ్వును కూడా నేను మరిచిపోలేదు.

చివరకు ఖమ్మం, కొత్తగూడెం జిల్లాలు రెండింటికీ కలిపి కొత్త రవాణా ప్రణాళిక వేస్తున్నామని ప్రకటన వచ్చింది. పొగ తగ్గించాలి, కరెంటు బస్సులు రావాలి, ఏ భూమిలో ఇళ్లు కట్టాలో, ఏది సాగుకు వదలాలో ముందే తేల్చాలి, బస్సు లేని ఊళ్లకు న్యాయం జరగాలి అని రాశారు. చదివి సంతోషపడ్డాను. నా అర్జీ పుణ్యమో, మరొకటో, తెల్లమద్దిగూడేనికి లెక్కలు తీసేవాళ్లు కూడా వెళ్లారు.

తీరా ముసాయిదా బయట పెట్టాక ఖమ్మం వెళ్లి నిలబడి చదివితే, చివరి పట్టికలో తెల్లమద్దిగూడెం కనిపించింది. పట్టిక పేరు: బస్సు అవసరం లేని గ్రామాలు. కారణం గడిలో ఇలా ఉంది: "సంత రోజున లెక్కించగా ప్రయాణికులు సున్నా."

అభ్యంతరాలకు గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలు. ఊరివాళ్ల సంతకాలు ఉండాలి. నేను చదివింది మంగళవారం. బుధవారం అంతా లక్ష్మికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. లక్ష్మి నా పాత విద్యార్థిని, ఇప్పుడు ఆ ఊరి కోడలే. వాళ్ల ఊళ్లో గుట్ట ఎక్కితేగాని ఫోన్ పలకదు. గురువారం పొద్దున్నే సంచి సర్దుకున్నాను.

మా అన్న కొడుకు శ్రీకాంత్ కారు తాళం తిప్పుకుంటూ వచ్చాడు.

"అత్తా, రెండు గంటలల్ల దింపుత. సాయంత్రానికి ఇంట్ల ఉంటవ్."

"కార్లో పోయి బస్సు కావాలని అడగమంటావా?"

"నువ్వు కార్ల పోయినవని ఆళ్లకెట్ల తెలుస్తది?"

"నాకు తెలుస్తది గదరా."

పోయిన ఏడాది పెళ్లికి ఇదే కారులో నన్ను వెనక సీటులో, పూలబుట్టల మధ్య కూర్చోబెట్టాడు. ఆ సంగతి కూడా నాకు గుర్తుంది.

ఖమ్మం దారి

ముదిగొండ నుంచి ఖమ్మం వచ్చే దారికి రెండు పక్కలా ఒకప్పుడు మిరప తోటలు. ఇప్పుడు తోటలు తీసేసి ప్లాట్ల రాళ్లు పాతారు. రాళ్లకు పసుపు రంగు, ఎర్ర రంగు. వాటి మధ్య గేదెలు మేస్తున్నాయి. ముసాయిదాలో ఈ నేలంతా ఇళ్ల స్థలాలని, ఇక్కడికి పావుగంటకో కరెంటు బస్సు అని ఉంది. ఇంకా ఇళ్లే లేవు. గేదెల కోసం బస్సు ఉంది, ముప్పై నాలుగు ఇళ్ల కోసం లేదు. కిటికీ పక్క సీటులో కూర్చుని ఆ వాక్యాన్ని అర్జీలో ఎక్కడ పెట్టాలా అని ఆలోచించాను. కండక్టరు రెండుసార్లు టికెట్ అడిగితేగాని వినిపించలేదు. "మేడం, పొద్దున్నే నిద్రనా?" అన్నాడు. అతని ముఖం గుర్తుపెట్టుకున్నాను.

ఖమ్మం బస్టాండులో ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. చట్నీలో పల్లీల కంటే నీళ్లు ఎక్కువ. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇదే మూలలో తెల్లమద్దిగూడెం బస్సు ఆగేది. అక్కడిప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. కాసేపు ఆ మూలలోనే నిలబడ్డాను. కవర్లు అమ్మే అతను, "ఏ మోడల్ అమ్మా?" అన్నాడు. అక్కడి నుంచి నడిచాను.

ఏన్కూరు, జూలూరుపాడు

కొత్తగూడెం బస్సు ఎక్కాను. పక్క సీటులో బొగ్గు బాయిలో పనిచేసే ఒకాయన, ఆయన భార్య. ఖమ్మం దవాఖానాలో ఆమెకు కళ్లు చూపించుకుని వెళ్తున్నారు. గనిని అక్కడివాళ్లు బాయి అంటారు. వైరా దాటేలోపే ఆమె నా చేతిలో సగం జామకాయ పెట్టింది. మా ఊళ్లో అయితే పేరూ ఊరూ అడిగాక పెడతారు. వీళ్లు పెట్టాక అడిగారు.

ఎందుకు వెళ్తున్నానో చెప్పాను. ఆయన గట్టిగా నవ్వి భార్య వైపు చూశాడు.

"మా బాయి కాడికి మూడు షిఫ్టులకు మూడు బస్సులొస్తయ్ మేడం. అర్ధరాత్రైనా వానైనా వస్తయ్. బొగ్గు కోసమైతే బస్సొస్తది. మనిషి కోసమైతే సర్వే వస్తది."

"ఊకో, మేడం రాసుకుంటది," అంది భార్య.

రాసుకున్నాను. ఆయన నా కాగితం వైపు వంగి, "పేరు రాయకున్రి. పింఛన్‌కు దగ్గరున్న," అన్నాడు.

తల్లాడ దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. చింతచెట్ల మొదళ్లు రోడ్డు పొడుగునా కోసి పడి ఉన్నాయి. ఈ దారినే కరెంటు బస్సులు నడుస్తాయట. పొగ లేని బస్సు కోసం నీడ తీసేస్తున్నారు. ఎండ కిటికీలోంచి నేరుగా ఒళ్లోకి వచ్చింది. ఏన్కూరు దాటాక గాలి మారింది. పత్తి చేలు పలచబడ్డాయి. దూరంగా గుట్టలు నీలంగా కనిపించాయి. ఒకప్పుడు ఆ గుట్టలు కనిపించగానే సంచి ఒళ్లోకి తీసుకునేదాన్ని. ఇప్పుడూ తీసుకున్నాను. జూలూరుపాడులో దిగాక ఇంకా చాలా దూరం ఉందని గుర్తొచ్చింది.

చండ్రుగొండ

జూలూరుపాడులో గంటన్నర నిలబడితే చండ్రుగొండకు బండి దొరికింది. చండ్రుగొండలో దిగేసరికి మధ్యాహ్నం మూడు. రోడ్డు పక్కన నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు. ఒక్కోటి ఇరవై రూపాయలు. నిమ్మకాయకు ఉప్పుకారం అద్ది రుద్ది ఇచ్చారు. ఈ ప్రయాణంలో నాకు ఫిర్యాదు లేని వస్తువు అదొక్కటే.

ఇక్కడి నుంచి మద్ది మలుపు దాకా ఆటో. మలుపు నుంచి ఊరికి నడక. ఆటోలో అప్పటికే ఏడుగురు ఉన్నారు. డ్రైవరు దిగి బీడీ కాలుస్తున్నాడు.

"ఎప్పుడు కదులుతుంది బాబూ?"

"పన్నెండు మంది కావాలె మేడం."

"ఇందులో పన్నెండు మంది ఎక్కడ కూర్చుంటారు?"

"కూసోరు. సర్దుకుంటరు."

లోపలి నుంచి ఒక ముసలాయన, "జల్దీ ఎక్కమ్మా. నువ్వు ఎనిమిదో మనిషివి. నువ్వు కింద నిలబడితే మేం ఏడుగురమే ఉంటం," అన్నాడు. ఎక్కాను. నా మోకాళ్ల మీద ఎవరిదో కోడిపెట్ట. ఆటో వెనక నల్లటి పొగ. ప్రణాళిక వేసినవాళ్లు పొగను కొలిచారు. ఈ పొగ ఎక్కడిదని అడిగినట్టు లేదు. ఒక్క బస్సు మోసే జనం కోసం ఇలాంటి ఆటోలు నాలుగు తిరుగుతున్నాయి.

మలుపు

మలుపు దగ్గర దిగి నడిచాను. రెండు మైళ్లు. వాన పడి ఆగిన నేల. మద్ది చెట్ల బెరడు తెల్లగా మెరుస్తోంది. అడవికి ఒక వాసన ఉంటుంది, తడి ఆకుది, పుట్టమన్నుది. ముదిగొండలో ఎంత వాన పడ్డా ఆ వాసన రాదు. ఇరవై ఏళ్లు దాటింది ఆ వాసన పీల్చి. బస్సు ఆగే చోటు దగ్గరపడేసరికి కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి.

ఇంకో సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. నాకు బదిలీ అయి ఈ ఊరు వదిలిన రోజున, తెల్లవారగానే కదిలే బస్సులో నేనొక్కదాన్నే ఎక్కాను. తొమ్మిదేళ్లు చదువు చెప్పిన ఊరు. ఒక్క మనిషి సాగనంపడానికి రాలేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. కండక్టరు నా పెట్టె పైకి ఎక్కించి, "ఎవరూ రాలేదేంది టీచరమ్మా?" అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లుగా నాలో ముల్లులా ఉంది. ఎంత కోపం ఉన్నా ఆ ఊరి బస్సు కోసం అర్జీలు పెడుతూనే ఉన్నాను. ఆ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇమిడాయో నన్ను అడిగితే చెప్పలేను.

తెల్లమద్దిగూడెం, సాయంత్రం

ఊరి మొదట్లో బస్సు కోసం కట్టిన రేకుల షెడ్డు అలాగే ఉంది. ఊడ్చి ఉంది. బస్సు రాని షెడ్డును ఎవరు ఊడుస్తున్నారా అనుకున్నాను. పక్కన చిన్న కిరాణా కొట్టు. పాలు అడిగితే లేవన్నారు. పెట్రోలు మాత్రం సీసాల్లో నింపి వరుసగా పెట్టారు. నేనున్నప్పుడు ఊరు మొత్తానికి రెండు మోటారు బండ్లు. ఇప్పుడు దాదాపు ప్రతి గడప ముందూ ఒకటి.

లక్ష్మి నన్ను చూసి చీపురు అక్కడే వదిలేసింది. నలభై దాటిన మనిషి, పదేళ్ల పిల్లలా ఉరికింది.

"టీచరమ్మా, నడిచొచ్చిన్రా? ఫోన్ కొడితే బండేసుకుని రాకపోదునా?"

"నీ ఫోన్ నిన్నంతా మోగలేదు."

"గుట్టెక్కలే," అంది సిగ్గుగా.

లక్ష్మి అత్త జోగమ్మ గడపలో కూర్చుని ఉంది. బాగా ముసలిదైంది. వాళ్ల కోయ భాషలో లక్ష్మితో ఏదో అని, నా వైపు తిరిగి, "బస్సెక్కి వచ్చినవా?" అంది. లేదన్నాను. "అయితే కండక్టరు గూడ రాలే," అని నవ్వింది. బస్సు ఆగినప్పటి నుంచి జోగమ్మ ఊరు దాటలేదట. మోకాళ్లు పట్టేశాయి. బండి మీద కూర్చోలేదు, ఆటో దాకా నడవలేదు. కొత్తగూడెం దవాఖానాలో నెలనెలా చూపించుకునే మనిషి. లక్ష్మి వెళ్లి, అత్త ఎట్లుందో నోటితో చెప్పి, మందులు తెస్తోంది. పోయినసారి డాక్టరు, మనిషిని చూడకుండా ఇక ఇవ్వనన్నాడట.

పొద్దుగూకింది. లక్ష్మి నాకు ఆకు వేసింది. దాని పక్కన ఇంకో ఆకు వేసింది. రెండింట్లోనూ అన్నం, వెదురు కొమ్ముల కూర. లేత వెదురు మొలకను సన్నగా తరిగి, ఉడకబెట్టి నీళ్లు వంచి, ఎండు రొయ్యలతో వండుతారు. కారం తక్కువ. మా ముదిగొండలో మిరపకాయ కనిపించని కూరను కూర అనరు. ఇది తిన్నాక మా కారం మీద నాకు కొంచెం అనుమానం వచ్చింది.

"ఈ రెండో ఆకు ఎవరికి?"

"బస్సోళ్లకు," అంది లక్ష్మి. "ఇయ్యాల మా వంతు. రెండాకులేస్తం, ఒకటి మీకైంది."

బస్సు నడిచిన రోజుల్లో డ్రైవరుకు, కండక్టరుకు అన్నం పెట్టడం ఈ ఊళ్లో వంతు. తూర్పు చివరి ఇంటితో మొదలై రోజుకో గడప. దాన్ని బస్సు వంతు అంటారు. నేను ఈ ఊళ్లో దిగిన మొదటి రోజు కూడా వాళ్లిద్దరితో పాటు మూడో మనిషిగా ఆ వంతు అన్నమే తిన్నాను. బస్సు ఆగి ఇన్నేళ్లయింది. వంతు ఆగలేదు.

"ఎవరూ రారని తెలిసి ఎందుకు వండుతున్నారు?"

జోగమ్మ నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "వంతు తప్పితే, బస్సొచ్చిననాడు ఎవరింటికి పోవాల్నో ఎట్ల తెలుస్తది?"

"మిగలదు టీచరమ్మా," అంది లక్ష్మి. "ఎరువుల బండోళ్లొస్తరు, సూదిమందు నర్సమ్మొస్తది, తోవ తప్పినోళ్లొస్తరు. ఎవరూ రాకుంటే పక్కింటోళ్లకు పెడతం."

ఆ రెండో ఆకు ముందు ఆ సాయంత్రం ఎవరూ కూర్చోలేదు. తెలిసినా, మలుపు వైపు రెండుసార్లు చెవి పెట్టాను.

సున్నా ఎలా వచ్చింది

పొద్దున్నే షెడ్డులో జనం కూడారు. నేను ముసాయిదా కాగితం చదివి, నిలదీసే గొంతుతోనే అడిగాను. "సంత రోజున ఒక్కరు కూడా బయలుదేరలేదా? వారం వారం సంతకు పోయేవాళ్లు, ఆ ఒక్క రోజు ఏమైంది మీకు?"

వంతు లెక్క చూసే రామయ్య అనే పెద్దాయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"నువ్వే చెప్పితివి గద టీచరమ్మా," అన్నాడు మెల్లగా.

"నేనేం చెప్పాను?"

"సర్కారోళ్లు బస్సు గురించి అడగనీకి వస్తున్నరు, ఆనాడు ఎవరూ ఊరిడిచి పోవద్దు, అందరు ఇంటి కాడ ఉండాలె అని. లక్ష్మికి ఫోన్ల చెప్పితివి. ఇంటింటికి తిరిగి చెప్పింది."

చెప్పాను. ఆ రోజు అన్న ప్రతి మాటా గుర్తొచ్చింది. లెక్కలు తీసేవాళ్లు ఇంటింటికీ వచ్చి ప్రశ్నలు అడుగుతారని నేను అనుకున్నాను. వాళ్లు ప్రశ్నలు అడగలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ షెడ్డులో కూర్చుని, ఊరు దాటిన మనుషులను లెక్కపెట్టారు. ఊరు దాటొద్దని చెప్పింది నేను.

"నలుగురొచ్చిన్రు," అంది లక్ష్మి. "ఆనాడు వంతు ఈ రామయ్య మామదే. పాపం పొద్దుటి నుంచి ఆకలి మీదున్నరు. రెండు పూటలా పెట్టినం. కోడిని కోసినం."

"అన్నం మంచిగుందన్నరు," అన్నాడు రామయ్య. "సంతకు పోలేదా అని ఒకాయన అడిగిండు. ఇంటికి చుట్టాలొస్తే సంతకెట్ల పోతమయ్యా అన్న. నవ్విండు."

నవ్వి సున్నా రాసుకున్నాడు. తిన్న మాట రాయలేదు.

నేను షెడ్డు అరుగు మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్లలో ఎవరెవరు ఏమన్నారో అన్నీ దాచుకున్నాను. నేను ఎవరికి ఏం చేశానో అందులో ఎక్కడా లేదు.

జోగమ్మను ఇద్దరు పట్టుకుని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. అసలు అడగాలనుకున్నది బయటికొచ్చింది. "పెద్దమ్మా, నేను ఊరు వదిలిన రోజు ఒక్కరు కూడా బస్సు దగ్గరికి రాలేదు. ఎందుకు?"

ఆమె ఆశ్చర్యపోయింది. "సాగనంపితే పోయినట్టే గద. మళ్ల రావని అర్థం గద. నువ్వు రావాలెనని ఎవరం రాలే. తలుపు సందులకెళ్లి చూసినం. ఈ లక్ష్మి ఏడ్చింది, నోరు మూసిన."

ఈ ఊరికి ప్రేమ పుట్టినప్పుడల్లా ఇంట్లోనే ఉండిపోతుంది. లెక్కలు తీసేవాళ్లూ, నేనూ బస్టాపు దగ్గర నిలబడి చూశాం.

కాగితం తీశాను. రాసి తెచ్చిన అభ్యంతరం చింపేశాను. గేదెల వాక్యం కూడా పోయింది. అందరి ముందూ కొత్తది రాశాను. ఆ రోజు ఎవరూ బయలుదేరకపోవడానికి కారణం నేనని మొదటి వాక్యంలోనే రాశాను. అర్జీలో అలాంటి మాట నేనెప్పుడూ రాయలేదు. తర్వాత బస్సు వంతు గురించి రాశాను. ఎన్నాళ్లుగా సాగుతోందో, ఎవరెవరు తిన్నారో, లెక్కలు తీసేవాళ్లతో సహా. జోగమ్మ దవాఖానా సంగతి, పెట్రోలు సీసాల సంగతి రాశాను. బస్సు ఉన్నప్పుడు రెండు బండ్లు, బస్సు పోయాక ఇంటికొకటి, పొగ తగ్గించాలంటే ఇక్కడ మొదలుపెట్టండి అని రాశాను. చదివి వినిపించాను. సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. జోగమ్మ వేలిముద్ర కొంచెం అలుక్కుపోయింది.

"మళ్లీ వాళ్లొస్తే ఎవరూ ఇంట్లో ఉండొద్దు, సంతకు పోవాలి," అన్నాను.

"వచ్చినోళ్లను ఉపాసం ఉంచాల్నా?" అన్నాడు రామయ్య.

లక్ష్మి నవ్వింది. "వంతు ఎందుకుంది మామా? వంతు ఇల్లొక్కటే వండుతది. మిగిలిన ముప్పై మూడిండ్లు షెడ్డు కాడ."

ఆ మాట నాకెందుకు తట్టలేదో తెలియదు.

తిరుగు దారి

మలుపు దగ్గరికి పదింటికే చేరాను. ఆటో ఉంది. మనుషులు లేరు. నేనూ, ఒక మేకా. పదకొండున్నరకు ముగ్గురమయ్యాం. డ్రైవరు నిన్నటి అతనే. "పన్నెండు మంది," అన్నాడు నన్ను చూడకుండా. ఇక్కడ ఫోన్ పలుకుతుంది. శ్రీకాంత్ చేశాడు. "అత్తా, ఇప్పుడైనా కారు తెమ్మంటవా?" వద్దన్నాను. కాసేపటికి, తెమ్మననందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. జోగమ్మ వేలిముద్ర సంచిలో ఉంది. నా పంతం కోసం అది గడువు దాటడం న్యాయమా?

ఇంతలో లక్ష్మి మోపెడ్ మీద వచ్చింది. నాకేమైందో చూసి పోదామని వచ్చిందట.

"ఎక్కున్రి."

"నేను బస్సు కోసం..."

"బస్సు కోసమే ఎక్కున్రి టీచరమ్మా. రెండు మేకలమ్మి కొన్న దీన్ని. బస్సుంటే కొందునా? దీని మీద నాకు మోజేం లేదు."

ఎక్కాను. ఆ పొగ నా లెక్కలోకి కూడా వస్తుంది. చండ్రుగొండలో నన్ను దింపి, బస్సు కదిలేదాకా ఉండలేదు. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. ఈసారి నాకు కోపం రాలేదు.

మళ్లీ ఖమ్మం

ఆఫీసు మెట్లెక్కేసరికి అయిదుకు పన్నెండు నిమిషాలు తక్కువ. ఆకుపచ్చ చారల గుమాస్తానే. చొక్కా మారింది. "మళ్లీ మీరేనా మేడం," అన్నాడు. రసీదు ఇచ్చాడు. మొదటి వాక్యం చదివి, నా ముఖం చూసి, కాగితం పట్టుకుని లోపలికి వెళ్లాడు. నన్ను పిలిచారు.

లోపల కుర్ర వయసు అధికారి. రెండుసార్లు చదివాడు. "మావాళ్లు అక్కడ భోజనం చేసినట్టు రిపోర్టులో లేదండీ."

"బస్సు లేని ఊళ్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీవాళ్లు ఏం తిన్నారని మీరు అడగలేదు," అన్నాను.

ఆయన కలం మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు. చివరకు అంచున రాశాడు: మళ్లీ లెక్కించాలి. "కానీ ఎప్పుడన్నది చెప్పను. ఏ సంత రోజైనా కావచ్చు. ఈసారి మీరు వాళ్లకు ముందుగా ఫోన్ చేయకూడదు. మీరు మాటిస్తేనే."

మాటిచ్చాను.

నేను వచ్చిన మర్నాటి నుంచి వంతు వరుస నా నోట్లో తిరుగుతోంది. లక్ష్మి ఇంటి తర్వాత రామయ్య తమ్ముడిది, ఆ తర్వాత రేకుల ఇల్లు, తర్వాత చింతచెట్టు కింది ఇల్లు. పొద్దుగూకగానే, ఇవాళ ఎవరి గడపో అనుకుంటాను. మధ్యలో నాలుగు సంతలు గడిచాయి. లెక్కలు తీసేవాళ్లు వచ్చారో, షెడ్డులో ఎందరు నిలబడ్డారో నాకు తెలియదు. ఫోన్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. లక్ష్మి గుట్ట ఎక్కి చేస్తే మాట్లాడవచ్చు. ఎక్కినట్టు లేదు.

లక్ష్మి ఇంట్లో ఆ వంతు అన్నం తిని ఇవాళ్టికి ముప్పై నాలుగు రోజులు. వంతు తిరిగి లక్ష్మి ఇంటికి వచ్చింది. ఇంకా వాన కాలమే గనుక వెదురు కొమ్ములు దొరుకుతాయి. ఈ వేళకు నీళ్లు వంచేసి ఉంటుంది. రెండు ఆకులు వేసి ఉంటుంది.